మూడో పడవ

పోయిన వారం చదివి ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్లు ఇక వదిలేయవచ్చు. చదవనివాళ్లు, చదివి మరచినవాళ్లు, చదవకుండానే చదివామని పక్కింటివాళ్లతో చెప్పినవాళ్లు మాత్రం కాస్త దగ్గరికి జరగాలి. కథ ఎక్కడ ఆగిందో ముందు చెప్పుకుందాం.

కాగితం మిల్లులో కాగితం ఒక కొసన పలచటి గుజ్జునీళ్లుగా పుట్టి, రెండో కొసన తానులా చుట్టుకుంటుంది. నీళ్ల కొసను చూసుకునే ఇంజనీరమ్మను మిల్లంతా తడి మేడం అంటుంది. ఆవిరి డ్రమ్ముల మీద కాగితం ఆరే కొసను చూసుకునే ఇంజనీరును పొడి సారు అంటుంది. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు. ఒకే యంత్రానికి చెరో కొసన చేరారు. మధ్యలో ఎక్కడో కలుసుకొని పెళ్లి చేసుకున్నారు. యంత్రం మీద కాగితం తెగిన రోజు వాళ్లింట్లో మాటలు కూడా తెగుతాయని మిల్లులో చెప్పుకుంటారు.

ఆ యంత్రం ముసలిదైపోయింది. కొత్తది కొనాలి. మిల్లు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన కొనే ఊహ పుట్టిన రోజే ఒక కట్టుబాటు పెట్టాడు. "యంత్రం ఏ దేశం నుంచి వస్తే ఆ దేశం మాట వచ్చినవాళ్లే దానికి ఇన్‌చార్జి. మధ్యలో దుబాసీ ఉండడు." ఇంగ్లీషు ఉందిగా అని ఎవరో గొణిగితే, "అది వాళ్లకూ అరువే, మనకూ అరువే. రెండు అరువులు కలిసి నా యంత్రాన్ని దివాలా తీయిస్తాయి" అన్నాడు. ఆ భయం ఊరికే పుట్టలేదు. పాత యంత్రం బిగించే రోజుల్లో, బిగించమన్న చోట వదులు చేయమని చెప్పాడట ఒక దుబాసీ. ఏనుగంత రోలరు ఊడి, గోడ దూకి, స్టాండులో సైకిళ్లన్నిటినీ రేకులు చేసి, గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాక గానీ ఆగలేదట. సెల్యూట్ సంగతి తరవాత ఎవరో చేర్చారు. మిగతాది నిజమే.

పెద్దాయన మాటతో మిల్లు బడి అయిపోయింది. జర్మనీ యంత్రం వస్తుందన్నవాళ్లు జర్మన్‌కు, జపాన్‌ది వస్తుందన్నవాళ్లు జపాన్ భాషకు చేరారు. ఇంజనీర్లందరి మీదా ఉండే చీఫ్ గారు జపాన్ మర్యాద నేర్చుకోబోయి, వంగి వంగి చివరికి నడుముకు పట్టీ కట్టించుకున్నాడు. కొన్నాళ్లకు ఇంకో వింత మొదలైంది. యంత్రాన్ని బట్టి భాష ఎంచుకోవడం పోయి, నేర్చుకున్న భాషను బట్టి యంత్రాన్ని పొగడటం వచ్చింది. ఎవరు ఏ దేశం క్రియలు ఎంత చెమటోడ్చి బట్టీపట్టారో, వాళ్లకు ఆ దేశం బేరింగులు అంత మంచివైపోయాయి.

తడి మేడం ఇంట్లో ఈ చిక్కుముడి విప్పింది అత్తగారు. "ఇద్దరూ ఒకటే నేర్చుకొని ఇద్దరూ మునగడం దేనికి? నువ్వొకటి, వాడొకటి. ఏ పడవ ఒడ్డు చేరినా మనింట్లో ఒకరు దిగుతారు" అంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదని పెద్దలన్నారు గానీ, నాలుగు కాళ్లున్న సంసారానికి ఆ మాట వర్తించదని ఆవిడ వాదన.

అలా తడి మేడం జర్మన్ పట్టింది. ఆ భాషలో చెంచా మగవాడట, ఫోర్కు ఆడదట, కత్తి రెండూ కాదట. గిన్నెలు కడిగేటప్పుడు కూడా ఆవిడ వాటి ఆడామగా లెక్క చూసుకుంటూ ఉండేది. పొడి సారు సాయంత్రమయ్యేసరికి సంచి భుజాన వేసుకొని జపాన్ పంతులు దగ్గరికి పోయేవాడు. అత్తగారు కిటికీ పక్కన కూర్చొని ఊలు టోపీలు అల్లేది. వంటింట్లో వెన్న కూడా నిలవనంత ఉక్కపోసే ఊళ్లో ఊలు టోపీలేమిటత్తయ్యా అంటే, "చేతులు ఊరుకుంటే నోరు పని చేస్తుందమ్మా, నీకే కష్టం" అనేది.

పోయిన వారం మనం ఆగింది మిల్లు మీటింగు హాల్లో. పెద్దాయన లేచాడు. కళ్లజోడు తుడిచాడు. "మనకు వచ్చే యంత్రం..." అన్నాడు. అక్కడ మనకు పేజీ అయిపోయింది.

"...ఫిన్లాండ్ నుంచి వస్తోంది" అన్నాడు పెద్దాయన.

చప్పట్లకు సిద్ధంగా లేచిన చేతులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. జర్మన్ వాళ్లు జపాన్ వాళ్ల వైపు చూశారు, వాళ్లే ఏదో మోసం చేశారన్నట్టు. జపాన్ వాళ్లు జర్మన్ వాళ్ల వైపు అంతకంటే కోపంగా చూశారు. చీఫ్ గారి చెయ్యి తనంతట తానే నడుము పట్టీ మీదికి పోయింది.

"మూడు కంపెనీల ధరలూ అటూ ఇటూగా ఒకటే. మనం పెట్టిన షరతులన్నిటికీ సరేనన్నది మాత్రం వీళ్లొక్కరే. అంచేత వీళ్లు" అన్నాడు పెద్దాయన, టీ తాగుదామన్నంత తేలిగ్గా.

"అక్కడ ఏం మాట్లాడతారండీ?" అన్నాడు చీఫ్ గారు. ఆ గొంతు బావిలోంచి వచ్చింది.

"ఫిన్నిష్ అట."

"ఎలా ఉంటుందండీ అది?"

"ఇప్పుడు వింటారుగా."

తడి మేడం రెండో వరసలో కూర్చొని ఉంది. పెద్దాయనకు కృతజ్ఞతలు చెప్పడానికి ఒక జర్మన్ వాక్యం స్నానాలగదిలో పాడి పాడి నున్నగా చేసుకొని వచ్చింది. ఆ వాక్యం గొంతులోనే నిలబడిపోయింది, ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల తలుపు తడుతున్న చుట్టంలా. మొదట ఆవిడకు కలిగింది దుఃఖం కాదు. నవ్వు. ఇంటికి పోయి, రెండు పడవలూ మునిగాయి అత్తయ్యా అని చెబితే ఆ ముసలావిడ ముఖం ఎలా ఉంటుందో అనుకుంది. పక్కన మొగుడి మోచెయ్యి పొడిచి, ఈ నవ్వు పంచుకుందామని తిరిగింది.

మొగుడు నవ్వడం లేదు. ఆశ్చర్యపోవడం కూడా లేదు. చొక్కా కాలరు సర్దుకుంటున్నాడు.

గోడ మీద తెర వెలిగింది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ కనిపించింది. వెనక కిటికీలో మంచు తప్ప ఇంకేమీ లేదు. "హ్యువా పైవా" అని, ఆ తరవాత పొడుగాటి మాట ఒకటి అంది. గులకరాళ్ల మీద నీళ్లు దొర్లినట్టుంది ఆ మాట. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో ఎవరికీ అంతుపట్టలేదు.

"నమస్కారం అంటోంది కాబోలు. సరే, ఎవరికీ రాదని నాకు తెలుసు. ఒక ఏడాది గడువిస్తాను. ఎవరు ముందు..." అని పెద్దాయన మొదలుపెట్టాడు.

కుర్చీ కీచుమంది. పొడి సారు లేచాడు. తెర వైపు చూసి మాట్లాడటం మొదలుపెట్టాడు. గులకరాళ్లు, నీళ్లు. అక్కడక్కడ తడబడ్డాడు, ఆగాడు, వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పాడు. కానీ తెర మీద పెద్దావిడ నవ్వింది, తల ఊపింది, బదులు చెప్పింది. దానికి ఇతను బదులు చెప్పాడు. ఆవిడ ఇంకొకటి అడిగింది. ఇతను చేతులు తిప్పి ఏదో వివరించాడు.

హాల్లో పంకాలు తిరుగుతున్నాయి గానీ, వాటి గాలి ఎవరికీ తగల్లేదు. రెండేళ్లుగా ఒకే పక్క మీద పడుకున్న మనిషి, పళ్లు తోముకునేటప్పుడు ఏ రాగం తీస్తాడో తెలిసిన మనిషి, తడి మేడం కళ్ల ముందే ఎవరో అయిపోయాడు. ఆవిడకు ఒకటే తట్టింది. ఇతని నోట జపాన్ మాట విని ఎన్నాళ్లయింది? వేలు మడిచి ఆలోచించింది. గుర్తుకు రాలేదు.

పెద్దాయన బల్ల చరిచాడు. "అయితే గడువు అక్కర్లేదన్నమాట. ఇన్‌చార్జి దొరికాడు."

ఇప్పుడు మాత్రం చప్పట్లు మోగాయి. కొనుగోళ్ల ఆఫీసరును మిల్లులో కొటేషన్ గారు అంటారు. ఇంటికి గుమ్మడికాయ కొన్నా మూడు చోట్ల ధర రాయించుకునే మనిషి. ఆయన తడి మేడం పక్కకు వచ్చి, తీయగా, "ఇంట్లో ఇంత దాచారా మేడం? ఫిన్లాండ్ అని మాకే నిన్న సాయంత్రం తెలిసింది. మీ ఇంటికి మాత్రం చాలా ముందే తెలిసినట్టుందే" అన్నాడు.

తడి మేడం నవ్వింది. ఆ నవ్వు ముఖానికి అతికించినట్టుందని ఆవిడకే తెలిసింది.

మీటింగు అయింది. పొడి సారు యంత్రం హాలు వైపు నడిచాడు, కాస్త గబగబా. ఆవిడ వెంటపడింది.

యంత్రం హాల్లో మాట వినిపించదు. అంత పొడుగు యంత్రం, అన్ని డ్రమ్ములు, పంపులు, ఫ్యాన్లు కలిసి అరుస్తుంటే చెవిలో నోరు పెట్టి కేకేసినా దండగే. అందుకే మిల్లు మనుషులు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు పిడికిళ్లు విరిచినట్టు చేస్తే కాగితం తెగిందని. అరచెయ్యి కిందికి అదిమితే వేగం తగ్గించమని. తల మీద పిడికిలి పెడితే ఆపేయమని. పెళ్లికి ముందు ఈ ఇద్దరూ ప్రేమించుకున్నది ఆ భాషలోనే, యంత్రానికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు నిలబడి. అయితే ఆ భాషకు ఒక లోపం ఉంది. అందులో రహస్యం చెప్పుకోవడానికి వీల్లేదు. హాలంతా చదివేస్తుంది.

తడి మేడం డ్రమ్ముల పక్కన మొగుణ్ని నిలదీసింది. వేలు అతని మీదికి చూపించి, మణికట్టు చుట్టూ గుండ్రంగా తిప్పింది. ఎప్పటి నుంచి?

అతను అరచెయ్యి కిందికి అదిమాడు. నెమ్మది.

ఆవిడ రెండు పిడికిళ్లూ విరిచింది. తెగిపోయింది. ఏం తెగిపోయిందో చెప్పలేదు. హాలు మాత్రం అర్థం చేసుకుంది. రీలు దగ్గర ఇద్దరు, పంపుల దగ్గర ముగ్గురు పని ఆపి చూస్తున్నారు.

అతను మళ్లీ నెమ్మది, నెమ్మది అన్నాడు. ఆవిడకు ఒళ్లు మండింది. తల మీద పిడికిలి పెట్టింది. ఆపు. మొగుణ్ని అంది ఆ మాట. అవతల ఆపరేటరు పాపం యంత్రాన్నే అనుకొని ఎర్ర బొత్తాం మీద చెయ్యి వేశాడు. పొడి సారు ఎగిరి రెండు చేతులూ ఊపాడు, వద్దు వద్దని. ఒక్క క్షణం ఆలస్యమైతే మొగుడూ పెళ్లాల తగువుకు ఆ రోజు కాగితమంతా గుజ్జుతొట్టిలో పడేది.

ఇక లాభం లేదని ఇద్దరూ కంట్రోలు గదిలోకి దూరారు. తలుపు వేస్తే చప్పుడు ఆగిపోతుంది. అద్దాల గది కాబట్టి చూపులు మాత్రం ఆగవు.

"ఎప్పటి నుంచి?" అంది తడి మేడం. కోపం వస్తే ఆవిడకు కాలేజీ రోజులు గుర్తొస్తాయి, మీరు పోయి నువ్వు వచ్చేస్తుంది. "చెప్పు. ఎప్పటి నుంచి నేర్చుకుంటున్నావు?"

"ఏడాది దాటింది."

"జపాన్ పంతులు?"

"మకాం మార్చేశాడు. అప్పుడే."

"మరి రోజూ సంచి తగిలించుకొని ఎవరింటికి పోయావు?"

"లైబ్రరీకి. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చొని నేర్చుకున్నా."

"ఎందుకు ఫిన్నిష్? ఇంతమందిలో ఒక్కడికీ తట్టని సంగతి నీకెవరు చెప్పారు?"

అతను అద్దంలోంచి యంత్రం తడి కొస వైపు చూశాడు. "నువ్వే చెప్పావు" అన్నాడు.

"నేనా?"

"బల్ల గుద్ది మరీ చెప్పావు. ఫెల్టు మేస్త్రి చెయ్యి నలిగినప్పుడు."

ఫెల్టు అంటే గదంత వెడల్పున్న మందపాటి ఊలు దుప్పటి. పచ్చి కాగితాన్ని వీపున మోస్తూ, మిల్లువాళ్లు రోళ్లు అనే రెండు రోలర్ల మధ్యకు పోయి నీళ్లు పిండించుకొని వస్తుంది. అది అరిగినప్పుడు మార్చాలి. పాత యంత్రంలో మార్చాలంటే మనిషి ఆ రోళ్ల మధ్యకు చెయ్యి పెట్టాల్సిందే. ఒకసారి ఆగి ఉన్న రోలు కదిలింది. మేస్త్రి కుడి చేతికి రెండు వేళ్లు లేకుండా పోయాయి. ఆ వారంలోనే కొత్త యంత్రం షరతుల మీటింగు జరిగింది. తడి మేడం లేచి బల్ల గుద్దింది. ఫెల్టు మార్చడానికి మనిషి చెయ్యి రోళ్ల మధ్యకు పోకూడదు, అలా తయారు చేయలేనివాడి యంత్రం నాకొద్దు అంది. పెద్దాయన సరేనన్నాడు.

"ఆ సాయంత్రమే నేను మూడు కంపెనీల యంత్రాల కేటలాగులూ చూశాను. ఒక పక్కనుంచి రోళ్లు ఎత్తిపెట్టి, చెయ్యి పెట్టకుండా ఫెల్టు తొడిగేది ఫిన్లాండ్ వాళ్లొక్కళ్లే. నువ్వు కూడా చూస్తావనే అనుకున్నా. అడిగింది నువ్వేగా. నువ్వేమో ఫోర్కు ఆడదో మగదో తేల్చుకుంటున్నావు."

షరతు పెట్టింది తను. ఆ షరతు ఏ గుమ్మం ముందు ఆగుతుందో చూడనిది కూడా తనే. దారి చూపించిన వేలు తనదైతే, ఆ దారిన నడిచిందేమో పక్కనున్నవాడు. తడి మేడం కుర్చీ లాక్కొని కూర్చుంది.

"మరి చెప్పొచ్చుగా నాకు."

"చెబితే ఏం చేసేదానివి?"

"నేనూ అదే నేర్చుకునేదాన్ని. ఇంకేం చేస్తాను?"

"అంతేనా?" అతను ఎదురుగా కూర్చున్నాడు. "చీఫ్ గారిని చూశావుగా. తను నేర్చుకున్న భాష కోసం జపాన్ యంత్రానికి లేని సుగుణాలన్నీ అంటగట్టాడు. ఆయనేం చెడ్డవాడు కాదు. నీ చదువంతా నీళ్లపాలవుతోందని తెలిస్తే, నువ్వు ఆ షరతును కాస్త మెత్తబరిచేదానివి కాదా? చేర్చాల్సింది ఒక్క ముక్కేగా. 'వీలైతే'. వీలైతే చెయ్యి పెట్టకుండా."

"కాదు" అందామని తడి మేడం నోరు తెరిచింది.

రాలేదు ఆ మాట.

ఎందుకు రాలేదో ఈ లోకంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. జర్మనీ కంపెనీ ప్రతినిధి వచ్చినప్పుడు ఆవిడ అతనితో జర్మన్‌లో మాట్లాడింది. అతను ఆశ్చర్యపోయాడు, మెచ్చుకున్నాడు, ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. ఆ మెప్పు వేడి ఇంకా చెవుల్లో ఉండగానే, ఆ ఫెల్టు షరతు ఒక్కటి మళ్లీ ఆలోచించండి అన్నాడు. ఆవిడ తల ఊపింది. మాట ఇవ్వలేదు. సంతకం పెట్టలేదు. కానీ తల ఊపింది.

"నన్ను అంత నమ్మలేదా నువ్వు?" అంది చివరికి. గొంతులో ముందున్న వేడి లేదు.

"నమ్మకపోవడం కాదు. ఆ పరీక్ష నీకు పెట్టదలచుకోలేదు."

అద్దం మీద ఎవరో తట్టారు. బయట ఫెల్టు మేస్త్రి. సంగతి ఆయనకూ చేరినట్టుంది, ముఖమంతా నవ్వు. చెయ్యెత్తి ఇద్దరికీ శభాష్ అన్నాడు. తరవాత కుడి చేత్తో ఏదో చెప్పబోయి, ఆగి, ఎడమ చేత్తో చెప్పాడు. కొన్ని మాటలకు ఆయన కుడి చేతిలో ఇప్పుడు వేళ్లు లేవు. ఎడమ చేత్తో చెబుతాడు, నత్తిగా, చిన్నపిల్లవాడు మాట నేర్చుకున్నట్టు. ఆయన చెప్పింది ఇంతే. ఫెల్టు. చెయ్యి. వద్దు. మంచిది.

తడి మేడం తల దించుకుంది. "నాకు నేర్పుతారా?" అంది. మళ్లీ మీరు వచ్చేసింది. మొగుణ్ని సగం క్షమించినట్టే లెక్క.

మామూలుగా అయితే ఇక్కడ పొడి సారు ఏదో వెటకారం ఆడాలి. ఆడలేదు. చేతులు ఒకదాన్నొకటి తుడుచుకున్నాయి. "నేర్పుతా. కానీ ఇంకొకటి చెప్పాలి నీకు. అది ముందే చెప్పాల్సింది. నువ్వు ఇంటికెళ్లు, నేను షిఫ్టు దిగి వచ్చి చెబుతా. అందాకా అమ్మతో..."

హాల్లో ఎర్ర దీపం వెలిగింది. బయట నలుగురు ఒకేసారి పిడికిళ్లు విరిచారు. డ్రమ్ముల మధ్య తెగిన కాగితం తెరచాపలా లేచి కుప్పలు కుప్పలుగా పడుతోంది. పొడి సారు తలుపు తోసుకొని పరుగెత్తాడు. అమ్మతో ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ఆ చప్పుడులో కలిసిపోయింది.

తడి మేడం ఇంటికి వచ్చేసరికి కిటికీలో ఇంకా ఎండ ఉంది. ఫ్రిజ్ మీద, బీరువా మీద, తలుపు గొళ్లెం మీద తను అంటించిన జర్మన్ మాటల చీటీలు పంకా గాలికి రెపరెపలాడుతున్నాయి. అత్తగారు కిటికీ దగ్గర మూడో టోపీ అల్లుతోంది. మొదటి రెండూ ఒళ్లో ఉన్నాయి, ఒకటి నీలం, ఒకటి బూడిద రంగు. కోడలు టీ పెట్టి తెచ్చి ఇచ్చింది.

"కీటోస్" అంది అత్తగారు, కప్పు అందుకుంటూ.

"ఏమన్నారు?"

"థ్యాంక్స్ అన్నానమ్మా. అక్కడ అలాగే అంటారట." ఆవిడ ఒక గుక్క తాగి, "వాడు ఫోన్ చేశాడులే. ఇవాళ అందరికీ తెలిసిపోయిందటగా. హమ్మయ్య. నోరు కుట్టుకొని ఉండలేక చచ్చాను. నీకు జర్మన్ పరీక్ష ఉంది, మనసు చెదురుతుంది, అది అయ్యేదాకా నీ ముందు ఆ ఊసెత్తొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు" అంది.

"మీకు ముందే తెలుసా అత్తయ్యా?"

"తెలియకేం? నువ్వు క్లాసుకు వెళ్లినప్పుడల్లా వాడు పాఠం అప్పజెప్పింది ఎవరికనుకున్నావు? వాడికంటే నాకే బాగా పట్టుబడింది. కూరగాయల పేర్లు, రంగులు, తగ్గించు నాయనా అనడం, అన్నీ వచ్చు. రేపు అక్కడ కొట్లో నిలబడితే నోరుండాలి కదా."

"అక్కడంటే... ఎక్కడ?"

అత్తగారు అల్లిక ఆపి కోడలి ముఖం చూసింది. ఆవిడ కళ్లలో మొదట నవ్వుంది. తరవాత అనుమానం వచ్చింది. "నీకు చెప్పానన్నాడే వాడు" అంది మెల్లగా.

"ఏం చెప్పారని?"

"వాళ్ల కంపెనీలో ఉద్యోగం ఖాయమైన సంగతి. ఆ తెల్లజుట్టు ఆవిడే మాట్లాడింది వాడితో. ఇక్కడ యంత్రం వాళ్ల తరఫున నిలబడి బిగించి అప్పగించేది వీడేనట. అది కాగానే మనం ముగ్గురం అక్కడికే. అందుకేగా ఈ టోపీలు. నేను చేతులు ఊరుకోక అల్లుతున్నాననుకున్నావా?"

"ఖాయమై ఎన్నాళ్లయింది?"

"నువ్వు బల్ల గుద్ది వచ్చావు చూడు, అది అయిన కొన్నాళ్లకే."

ఎండలో నిలబడ్డ మనిషికి ఉన్నట్టుండి చలి పుట్టింది. ఇప్పుడు చూసింది ఆవిడ, తన షరతు ఆగిన గుమ్మం. పెళ్లాం బల్ల గుద్దింది. ఆ దెబ్బకు రెండు పడవలు మునిగాయి. మూడో పడవలో మొగుడు ముందే ఎక్కి కూర్చున్నాడు. లోకం చెప్పే కథ ఇదే. మేస్త్రి వేళ్ల కథ ఎవరూ చెప్పరు. అమ్మేవాళ్ల జీతం మాట్లాడుకున్న మనిషి కొనేవాళ్ల మధ్య కూర్చున్నాడని తెలిస్తే పెద్దాయన బేరమే రద్దు చేస్తాడు. అప్పుడు చెయ్యి పెట్టక్కర్లేని ఆ యంత్రమూ రాదు. ఇంకొకరి వేళ్లు ఆ రోళ్ల మధ్యకు పోతాయి.

ఆ పరీక్ష నీకు పెట్టదలచుకోలేదు అన్నాడే. అది తన కోసం దాచాడా, ఉద్యోగం కోసం దాచాడా?

సంచిలో ఫోన్ మోగింది. పెద్దాయన.

"ఏం లేదమ్మా," అన్నాడు ఆయన. ఆ గొంతులో పొద్దుటి తేలికదనం లేదు. వెనక ఎవరో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు, మధ్యలో కొటేషన్ గారి దగ్గు. "చిన్న సంగతి. నేను నమ్మలేదనుకో, నీ నోటితో విందామని."

అత్తగారికి ఇవేవీ తెలియవు. కోడలు నిలబడిపోయింది కదా అని, అల్లుతున్న టోపీ సూదులతో సహా తీసుకొచ్చి ఆవిడ తల మీద పెట్టింది. చెవుల మీదికి లాగింది. "కదలకు అమ్మాయ్, కొలత తప్పుతుంది. అక్కడ చెవులు గడ్డకట్టి ఊడిపోతాయట."

మందపాటి ఊలు చెవులను మూసేసింది. అయినా ఫోన్లో పెద్దాయన అడిగిన మాట ఒక్క అక్షరం పోకుండా వినిపించింది.

"ఆ ఫెల్టు షరతు నీ అంతట నువ్వే పెట్టావా తల్లీ, లేక మీ ఆయన పెట్టమన్నాడా?"